రెండు కోర్సుల మధ్య జారిపోయిన పేరు

మొన్న ఉదయం బొరుగుల ఉగ్గాని తింటూండగా మా కోడలు ఫోను తెచ్చి, "మామా, మిలిటరీ వాళ్ళంట, ఏందో పంపినారు సూడు" అని నా ముందు పెట్టింది. కళ్ళద్దాలు సవరించుకుని చూద్దును గదా, అందులో నా చేతిరాత! ప్లేటు అలాగే వదిలేసి లేచి నిలబడ్డాను. పాతికేళ్ళు కూడా నిండని రోజుల్లో, సైన్యానికి ఆఫీసర్లను తయారుచేసే ఒక శిక్షణ పాఠశాలలో గుమాస్తాగా ఉంటూ నేను రాసిన రిజిస్టరు పుటలవి. పాఠశాల పుట్టినప్పటి నుంచి అక్కడ శిక్షణ ముగించి ఆఫీసర్లయిన వాళ్ళందరి పేర్లతో ఇప్పుడొక గ్రంథం అచ్చువేస్తున్నారట. పాత పుటల్లో అనుమానాలుంటే రాసినవాణ్ణే అడుగుదామని, ఆ పని చూస్తున్న మేజరుగారు నా ఆచూకీ తీశారట. డెబ్బై దాటిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి! ఆ పూటంతా నా కాళ్ళు నేలమీద లేవు.

ధర్మవరంలో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి నేను. నాయన పట్టుచీరలు నేసేవాడు. నాకు మాత్రం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే ఓపిక లేక, టైపు నేర్చుకుని సైన్యంలో గుమాస్తాగా చేరిపోయాను. ఆ పాఠశాలకు వెళ్ళిన కొత్తలోనే మా సుబేదారుగారు ఒక గది తలుపు తెరిచి, గోడ పొడవునా పేర్చిన రేకు పెట్టెలు చూపించి, ఒక్కో కోర్సు కాగితాలు ఒక్కో పెట్టెలో ఉన్నాయనీ, వాటన్నిటినీ వెతికి ఒకే రిజిస్టరుగా కూర్చాలనీ హుకుం జారీచేశారు. మిగతా గుమాస్తాలు ముఖాలు వేలాడేశారు గానీ నాకు మాత్రం పండగే అయింది. చెదలు తిన్న జాబితాలో సగం పేరు దొరికేది, మిగతా సగం ఏ ఫోటో వెనకాలో, ఏ మెస్సు చీటీలోనో దొరికేది, దొరికిన రోజున నేను గదిలోనే కేకవేసేవాణ్ణి. పడుగులో ఒక్క పోగు తప్పినా చీర పొడవునా గీత పడుతుందని నాయన చెప్పిన మాట పట్టుకుని, ఒక్క పేరు కూడా తప్పనివ్వనని పంతం పట్టాను. నా రిజిస్టరులో తప్పు పట్టేవాడు ఇంకా పుట్టలేదని ఈ మధ్యదాకా మనవళ్ళ దగ్గర కూడా గొప్పలు పోయాను.

అక్కడే పరిచయమయ్యాడు కదిరి ఆయన. అప్పటికి శిక్షణలో ఉన్న కుర్రవాడు, నాకన్నా రెండేళ్ళు చిన్న. హిందీ, ఇంగ్లీషు తప్ప మరో మాట వినబడని ఆ చోట, కాగితం మీద సంతకానికి వచ్చి నా పేరు పక్కన ఊరు చూసి, "మీది ధర్మారమా అన్నా? మాది కదిరి!" అన్నాడు చూడండి, నాకు ప్రాణం లేచివచ్చింది. కాబోయే ఆఫీసరు గుమాస్తాను 'అన్నా' అనకూడదు, ఎవరూ లేనప్పుడు మాత్రం అలాగే పిలిచేవాడు.

ఇక మేజరుగారు పంపిన ఆఖరి పుటకు వస్తాను. అందులో ఈ కదిరి ఆయన పేరు మీద ఎర్రసిరాతో గీత ఉంది. ఈయన శిక్షణ మధ్యలో మానేశాడా అని కింద మేజరుగారి ప్రశ్న. నేను నవ్వుకున్నాను. మానేయడమేమిటి, కవాతులో పడి కాలు విరిగితే ఆర్నెల్లు వెనక్కి, తరువాతి కోర్సులోకి వేశారు. అలాంటివాళ్ళను పాత కోర్సులో ఎర్రసిరాతో కొట్టేసి, తరువాతి కోర్సు చివర అదే ఎర్రసిరాతో రాయడం మా పద్ధతి. తరువాతి పుట పంపమన్నాను. వచ్చింది. చివరిదాకా చూశాను, ఎర్రసిరా పేరే లేదు!

అప్పుడు గుర్తొచ్చింది ఆ రోజు. ఆయన కోర్సు ముగిసిన రోజున కదిరి నుంచి వాళ్ళ అమ్మా నాయనా వచ్చారు. వాళ్ళ నాయనకు బజారులో కిరాణా అంగడి, తెలుగు తప్ప మరో భాష రాదు. కొడుకు భుజాన నక్షత్రాలు తల్లిదండ్రులే తగిలించడం అక్కడి ఆనవాయితీ. ఆ పెద్దాయన నక్షత్రం చేతపట్టుకుని నావైపు తిరిగి, "ఇదెట్ల తగిలియ్యల్లప్పా, నువ్వే చూపీ" అన్నాడు. నేను చూపించాను. నా తమ్ముడే ఆఫీసరైనంత సంబరంతో ఆ రోజంతా వాళ్ళను వెంటబెట్టుకుని తిప్పాను, ఆఫీసు ముఖమే చూడలేదు. మర్నాడు టైపు జాబితా చూసి గబగబా పేర్లు రిజిస్టరులోకి ఎక్కించి సంతకం పెట్టేశాను. వెనకటి కోర్సునుంచి వచ్చి కలిసినవాళ్ళు ఆ జాబితాలో ఉండరు, చేత్తో రాయాలి. మరిచిపోయాను. ప్రపంచంలో అందరికన్నా జాగ్రత్తగా రాయవలసిన పేరే మరిచిపోయాను!

సోమవారం పుస్తకం అచ్చుకు పోతుంది, ఈలోగా ఆధారం పంపితే చేరుస్తామన్నారు మేజరుగారు. తప్పు నాదేనని ఆయనకు ఒక ఉత్తరం రాసి జేబులో పెట్టుకుని, ఆ మధ్యాహ్నమే కదిరి బస్సెక్కాను.

ఆయన కర్నలుగా రిటైరై సొంత ఊరిలోనే ఉంటున్నాడని ఎప్పుడో విన్నాను. నన్ను గుర్తుపట్టి గట్టిగా కావలించుకున్నాడు. నేను ఉత్తరం చేతిలో పెట్టి తల వంచుకున్నాను. చదివి పకపకా నవ్వాడు.

"నాకెప్పుడో తెలుసులేన్నా. కెప్టెనుగా ఉన్నప్పుడు ఒక పనిమీద ఆడికి పోయి నీ రిజిస్టరు చూసినా. చెప్పింటే నీ ప్రమోషను పాయె గదా, అప్పుడే పెండ్లయినోడివి."

ఉద్యోగానికి ప్రభుత్వ గెజెట్టులో పేరుంటే చాలు గనక ఆయనకు అక్కడ లోటు రాలేదు. కానీ కోర్సుల వారీగా జరిగే పాత మిత్రుల కలయికలకు ఆహ్వానాలు ఆ రిజిస్టరు చూసే పంపేవాళ్ళు. పాత కోర్సులో కొట్టేశారు, కొత్త కోర్సులో రాయలేదు, ఇన్నేళ్ళలో ఆయనకు ఒక్క పిలుపు కూడా రాలేదని వాళ్ళావిడ కాఫీ ఇస్తూ చెప్పింది. నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆయన మాత్రం ఏమీ పట్టనట్టు బీరువాలోంచి తన పేరున్న గెజెట్టు కాగితం తెచ్చి, "ఫోటో ఎట్ల తీయాలన్నా?" అని నన్నే అడిగాడు.

ఫోటో తీసి మేజరుగారికి పంపిన పది నిమిషాలకే పేరు చేర్చామని జవాబు వచ్చింది. మేము చెదలతో, సిరాతో ఏళ్ళ తరబడి చేసిన పని ఇప్పుడు వేలి కొనమీద అయిపోతోంది, సంతోషమే. తప్పు కనబడ్డ క్షణానే ఎత్తిచూపి దిద్దేస్తున్నారు, అదీ మంచిదే. మన రోజుల్లో అంత సులువుగా దిద్దే వీలుండేది కాదు. అందుకేనేమో, ఒకరి తప్పును ఇంకొకరు ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని, వాళ్ళ ఎదుట ఒక్క మాటైనా తూలకుండా బతికారు.