సైరన్ వేళకు చదివిన లెక్కలు

దీపావళి మరునాడు పొద్దున వీధిలో కాలిన మందు వాసన మిగిలి ఉంటుంది. అది ముక్కుకు తగిలితే అందరికీ పండగ గుర్తుకొస్తుంది. నాకు మా ఊరి గ్రామసభ గుర్తుకొస్తుంది. గోదావరిఖని అవతల, ఓపెన్‌కాస్టు బొగ్గు గని అంచున ఉండేది మా ఊరు. రోజూ మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగు. ముందు సైరన్ కూసేది, తర్వాత నేల అదిరేది, ఒక్కోసారి రాళ్లు ఎగిరొచ్చి ఊళ్లో పడేవి, ఆ తర్వాత పసుపు పొగతో పాటు ఈ వాసనే మా అన్నం కంచాల దాకా వచ్చేది.

సైరన్ కూస్తే కచ్చకాయలాట నడుమ ఎగరేసిన రాయిని గాలిలోనే వదిలేసి ఇళ్లల్లోకి ఉరికేవాళ్లం. అవ్వలు గూట్లోని ఇత్తడి గిన్నెలు కిందికి దించేవాళ్లు, మేకలను కొట్టంలోకి తోలేవాళ్లు, బతుకమ్మ రోజులైతే రోట్లో సగం దంచిన సత్తుపిండి మీద, కలిపి పెట్టిన మలీద ముద్దల మీద తడిబట్ట కప్పి, గోడ బీటల్లోంచి రాలే మట్టిని చూస్తూ కూర్చునేవాళ్లు. చలికాలంలో వాకిట్లో బొగ్గుల కుంపటి చుట్టూ, ఎండాకాలంలో తడిపిన గోనెసంచుల నీడన, ఊరంతా ఆ కూత కోసం ఒక చెవి పెట్టుకునే బతికేది.

గని లోతుకు దిగిన కొద్దీ మా బావులు ఎండిపోయాయి. నా బెంచీలో కూర్చునే రాజేశ్వరిది ఊరి చివరి వాడ. తల్లి లేదు, అవ్వ దగ్గర పెరిగేది. ఎక్కడో పొలాల్లోని మోటారు దగ్గర నుంచి బిందెలు మోసి, భుజం తడితోనే బడికి వచ్చేది. చాలా రోజులు రాలేకపోయేది. వాడకు నల్లా వస్తే చదువు, రాకుంటే బడి బంద్ అని అవ్వ తేల్చి చెప్పింది. పదో తరగతి పరీక్షలు ముందున్నాయి. ఆ వాడకు పైపులు వేయడానికి సర్కారు గ్రాంటు వచ్చిందని తెలిసిన రోజు రాజి క్లాసులో అందరికీ ఉప్పు కారం అద్దిన జామకాయ ముక్కలు పంచింది.

సోషల్ చెప్పే గ్రేస్ టీచర్ గని కార్మికుడి బిడ్డ. ఖని నుంచి షేర్ ఆటోలో వచ్చేది. పంచాయతీ లెక్కలు ఆమె చెప్పినంత తేలిగ్గా నాకు తర్వాత ఎవరూ చెప్పలేదు. ఏడాది మొదట్లో చేతిలో ఉన్నది ఆరంభ నిల్వ. దానికి ఇంటి పన్ను, అంగడి వేలం, సర్కారు గ్రాంటు చేరితే జమ. ఖర్చు పోగా మిగిలింది ముగింపు నిల్వ. వచ్చే ఏటికి అదే మళ్లీ ఆరంభం. పన్ను డబ్బు ఊరు తీర్మానించుకుని వాడుకోవచ్చు కానీ, గ్రాంటు దేనికి ఇచ్చారో దానికే వాడాలి.

“మీ మధ్యాహ్న భోజనం గుడ్ల పైసలు పెట్టి నేను సుద్దముక్కలు కొంటే ఊకుంటరా?” అని అడిగింది.

“ఊకోం టీచర్, సుద్దముక్క ఎంత ఉడకబెట్టినా మెత్తగాదు,” అంది వెనక బెంచీ.

ఆ చలికాలంలో ఊరి మొదట్లో పోచమ్మ గుడికి పెద్ద కమాను లేచింది, రెండు సిమెంటు సింహాలతో. పైపులు రాలేదు. గోడలన్నిటి మీదా మన నీళ్లు, మన నిధులు అని తెలంగాణ ఉద్యమం రాతలుండేవి. మా ఊరి నిధులు మా ఊరి నీళ్లకు ఎందుకు పోలేదని అడిగే రాత ఒక్క గోడ మీదా లేదు.

అడగాల్సిన చోటు గ్రామసభ. అదేమో పంచాయతీ ముందరి వేపచెట్టు కింద, సరిగ్గా సైరన్ వేళకు జరిగేది. కార్యదర్శి జమ చదివి ఖర్చులోకి వచ్చేసరికి సైరన్ కూసేది, జనం లేచిపోయేవాళ్లు, లెక్కలు ఆమోదమైపోయేవి. అందుకని ఈసారి సభ మా బడిలో, స్లాబు గదిలో పెట్టించమని టీచర్ వెంటపడి ఒప్పించింది. స్లాబు కింద రాళ్ల భయం లేదు, లేవాల్సిన పని లేదు. బెంచీలు మేమే మోసి, నేలంతా నీళ్లు చల్లి పరిచాం.

కార్యదర్శి ఖర్చులోకి రాగానే రాజి లేచింది. “మా వాడ పైపుల పైసలు ఏమైనయ్, కాకా?”

సర్పంచి నవ్వాడు. “కమాను కట్టినం గద బిడ్డా. అమ్మవారికి పెట్టినదానికి లెక్కడుగుతవా?”

“ఊకో రాజీ, కండ్లు పోతయ్,” అంది వెనక నుంచి అవ్వ.

“అమ్మవారు కమాను అడిగిందా అవ్వా? నీళ్లు నేనడిగిన.”

భక్తితో నాకు పేచీ ఉంది, దాచను. ఆ రోజు పేచీ మాత్రం దేవతతో కాదు, లెక్క అడగడాన్ని దేవతను తిట్టడంగా మార్చిన తెలివితో. గోడవారగా నిలబడ్డ మగవాళ్లలో పిల్ల అన్నదాంట్లో తప్పేముందనే గొణుగుడు మొదలైంది. కార్యదర్శి తల దించుకున్నాడు. సర్పంచి నవ్వు పోయింది.

అప్పుడు సైరన్ కూసింది.

జనం లేచారు. రాళ్లు పడని గదిలోంచి బయటికి, రాళ్లు పడే ఎండలోకి, పెంకుటిళ్ల వైపు ఉరికారు. టీచర్ గుమ్మంలో చేతులు అడ్డం పెట్టి, ఇది స్లాబు, కూర్చోండి అంటూనే ఉంది. రాజి వాళ్ల అవ్వ ఆమె చెయ్యి కింది నుంచే వంగి దూరి వెళ్లింది, గూట్లో గిన్నెలున్నాయని.

పేలుడయ్యాక సర్పంచి గదంతా కలియజూసి, లెక్కలు ఒప్పుకున్నట్టేనా అన్నాడు. మేం చేతులెత్తి, ఒప్పుకోం అన్నాం.

“ఓటున్నోళ్లు ఎత్తాలె. టీచరమ్మా, నీ ఓటు ఖనిల గద?” అన్నాడు నెమ్మదిగా.

ఆ ఎండాకాలం రాజి పరీక్ష రాయలేదు. నా పక్కన ఆమె నంబరు వేసిన బల్ల చివరి రోజు దాకా ఖాళీగానే ఉంది.

రాష్ట్రం వచ్చింది. గని ఊరిని మింగింది. బావులు, బడి, స్లాబు గది, వేపచెట్టు అన్నీ పోయి అక్కడిప్పుడు పెద్ద గొయ్యి మిగిలింది. గని చప్పుడు వినపడనంత దూరంలో కొత్త కాలనీ ఇచ్చారు. అక్కడ అన్నిటికంటే ముందు కట్టింది కమాను.

మొన్న ఆ కాలనీ గ్రామసభకు వెళ్లాను. రాజి నా పక్కనే కూర్చుంది, ఇప్పుడామెకు ఓటుంది. కార్యదర్శి జమ చదివాడు. ఖర్చులోకి వచ్చాడు. ఏ సైరనూ లేదు, అయినా ఆడవాళ్లందరూ లేచారు. రాజి కూడా లేచింది. చెయ్యి పట్టి ఆపాను.

“ఇడువే,” అంది చెయ్యి విడిపించుకుంటూ. “ట్యాంకర్ వచ్చే యాళ్లయింది.”