గట్టు మీద మూరెడు జాగా

నేను చదివింది రెండో తరగతి. అలాంటి నన్ను మా కోడలు పాఠం చెప్పే మనిషిని చేసేసింది. ఆ ఏడాది మనవరాలినీ మనవడినీ బడి మాన్పించి ఇంటికాడే చదివించింది లెండి. లెక్కలూ ఇంగ్లీషూ తను చూసుకునేది. గురువారం పొద్దున్న మాత్రం పుస్తకాలు మూసేసి, "అత్తయ్యా, పొలానికి తీసుకెళ్ళండి. ఏటి కనబడితే అది సూపించండి" అనేది.

బడి మాన్పించింది మనవరాలి కోసం. పదేళ్ళ పిల్ల. మాట తడబడుతోందని తోటి పిల్లలు వెక్కిరించేవారు. ముందు బడిలో నోరు మూసేసింది, తర్వాత ఇంట్లోనూ మూసేసింది. ఏం అడిగినా తల ఊపడమే. మా అబ్బాయికి ఆమదాలవలసలో ధాన్యం కొట్టు. వాడికి ఈ ఇంటి చదువు నచ్చలేదు. "ఉగాది దాకా సూస్తాను. అప్పటికి పిల్లలేటి నేర్సుకున్నారో నాకు సూపించాల. లేదంటే మల్లీ బడే" అన్నాడు కోడలితో. ఆ మాటకి పిల్ల కంచం ముందు నుంచి లేచిపోయింది.

ఆ గురువారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంచు తడిసిన గడ్డివాసన వస్తుంది. వరికోతలైపోయి, మడుల్లో పెసలు రెండాకులేసిన రోజులు. ఏడేళ్ళ మనవడు ముందు పరిగెత్తేవాడు. మళ్ళీ అంతే జోరుగా వెనక్కొచ్చి, "మామ్మా, కొంగ నాకేసి సూసింది" అనేవాడు. పిల్ల నా చెయ్యి పట్టుకుని, మాటా పలుకూ లేకుండా నడిచేది.

కాలవ పక్క గట్టు మీద మూరెడు జాగాకి నాలుగు పుల్లలు పాతి, పురికొస చుట్టాం. అది కోడలు చెప్పిన పద్ధతి. అందులో ఏదీ తెంపకూడదు, పీకకూడదు. వారం వారం కూర్చుని, ఏది మొలిచిందో ఏది ఎదిగిందో చూసి బొమ్మ వేసుకోవాలి. పేర్లు నేను చెప్పేదాన్ని. గుంటగలగర, నేలుసిరి, గరిక, తుంగ. గుంటగలగరాకుతో మా అమ్మ కాటుక ఎలా పట్టేదో చెబితే పిల్ల అదీ రాసుకునేది. నాలుగో వారం కాబోలు, "మామ్మా, దీనికి పువ్వెప్పుడొస్తాది?" అంది. మధ్యలో రెండుసార్లు తడబడింది, అయినా పూర్తి చేసింది. అదేం వింత కాదన్నట్టు, "ఏమో, పై వారం సూద్దాం" అన్నాను. ఇంటికొచ్చాక దేవుడి గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

ఉగాది నెల రోజులుందనగా నేను చేసిన పని వినండి. పిల్లలిద్దరూ కాలవలో నత్తలు చూస్తున్నారు. పక్క మడి ఆవిడ వచ్చి పలకరించింది. కూతురు పురిటికొచ్చిందట, ఆ కబుర్లు. గట్టు మీద గొంతుక్కూర్చుని వింటున్నాను. చిన్నప్పటినుంచీ కలుపు తీసిన చేతులు, నోరు కబురాడుతుంటే అవి ఊరుకోవు. ఆవిడ వెళ్ళాక చూద్దును కదా, పురికొస లోపల వాకిలి ఊడ్చినట్టుంది. పీకిన మొక్కలు మట్టి దులిపి మరీ పక్కన పోగేశాను.

మనవడు ముందొచ్చాడు. "అక్కా, మామ్మ మొత్తం మేసేసింది" అని పడీ పడీ నవ్వాడు. పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. పుస్తకం మూసి ఇంటికేసి నడిచింది. ఆ రోజూ మర్నాడూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఉగాది మాట అటుంచండి, తిరిగొచ్చిన గొంతుని నా చేతులతో నేనే పీకేశాననిపించింది.

మూడోనాడు దగ్గర కూర్చోబెట్టుకుని, "ఎక్కడేటి ఉండేదో నాకన్నీ గుర్తే తల్లీ. నేను సెప్తాను, నువ్వు బొమ్మెయ్యి" అన్నాను.

"సూడకండా ఎయ్యకూడదు మామ్మా" అంది.

వంటగదిలోంచి కోడలు, "మామ్మ పీకేసింది నువ్వు సూసేవు కదా? అదే రాయి" అంది. నాకు సిగ్గేసింది. పిల్ల 'ఈ వారం మామ్మ అన్నీ పీకేసింది' అని రాసి, పక్కన ఖాళీ చదరం గీసింది. వెంటనే పొలానికి పోదామంది. వెళ్తే, ఆ బోడి నేలలో అప్పుడే తుంగ సూదిమొనల్లా లేచింది. ఆ తర్వాత గురువారం దాకా ఆగలేదు, రోజూ వెళ్ళి లెక్కపెట్టింది.

ఉగాది నాడు మా అబ్బాయి పుస్తకం తిరగేస్తూ ఆ ఖాళీ చదరం దగ్గర ఆగాడు. "ఇదేటి?" అన్నాడు. పిల్ల నాకేసి చూసింది, నేను తల దించుకున్నాను.

"మామ్మ పీకేసింది నాన్నా. అయినా తుంగ మూడో రోజుకే వచ్చేసింది. అడుగున గడ్డ ఉంటాది, పైన పీకితే పోదు. మామ్మకి తెలీదు, ఇన్నేళ్ళూ ఊరికే పీకింది" అని మొదలెట్టింది. తుంగగడ్డ సంగతి తెలియని రైతింటి మనిషి ఉంటుందా? అయినా అవునన్నట్టు తల ఊపాను. పిల్ల మాట ఎక్కడెక్కడ తగులుకుందో అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకుంది. మా అబ్బాయి పుస్తకం మూసేసి పిల్ల మొహమే చూస్తున్నాడు.

"వచ్చే ఏడూ ఇంటికాడే ఉండనీ" అన్నాడు కోడలితో, నెమ్మదిగా.

పిల్ల ఆ మాట వినిపించుకోలేదు. అప్పటికే తుంగ సంగతి ముగించి గరిక దగ్గరికొచ్చింది.