ఎవరూ మార్చని విలువ

నా పూర్వ విద్యార్థులు ఈ సంగతిని తలో తీరుగా చెప్పుకుంటున్నారు. కనుక జరిగింది జరిగినట్టు నేనే రాయవలసి వచ్చింది. ఇందులో కల్పన లేదు... ప్రమాణం చేసి చెబుతున్నాను.

తొంభైల చివర. తెనాలిలో కంప్యూటరు పాఠాలు చెప్పేవాణ్ణి. నిజాంపట్నం రేవుకు, పడవల జాడ తెలిపే ప్రోగ్రాం ఒకటి రాసిచ్చాను. అందులో ప్రతి పడవా ఒక ఆబ్జెక్టు, అంటే తన వివరాలు తనలోనే ఉంచుకునే పెట్టె లాంటిది. దానికి ‘స్థితి’ అనే లక్షణం. ఒడ్డున, సముద్రంలో, గల్లంతు... మూడే విలువలు. పడవల నుంచి వైర్‌లెస్‌లో కబురు వస్తే, కీబోర్డు మీద మనిషే విలువ మార్చాలి. స్థితి మారిందా, ప్రోగ్రాంలోని ఆ పడవే సంకేతం పంపుతుంది. కంప్యూటరులో గంట మోగుతుంది. మారకపోతే మోగదు. అది నియమం.

ఆ రాత్రి తుపాను. రేపల్లె బస్సు రాక, రేవు ఆఫీసులోనే చిక్కుకున్నాను. పడవలన్నీ చేరాయి... కోటయ్యది తప్ప. అతని భార్య నాగమ్మ గడప మీద కూర్చుంది. కరెంటు లేదు. రేవు దీపమూ, కంప్యూటరూ జనరేటరు మీదే నడుస్తున్నాయి.

జనరేటరు చూసే దేవదానం తడుస్తూ వచ్చాడు.

“మాస్టారూ, డీజిల్ అడుగంటిందండి. దీపం ఆపేద్దామా? ఈ గాలిలో ఇంకెవరొస్తారండి.”

“ఆ పడవలో నువ్వే ఉంటే ఆపమంటావేంటి అన్నా?” అంది నాగమ్మ, తల తిప్పకుండా.

అప్పుడు, నడిరాత్రి వేళ... టింగ్.

ముగ్గురం కదల్లేదు. కీబోర్డు దగ్గర ఎవరూ లేరు. వైర్‌లెస్ సాయంత్రమే మూగబోయింది. రేకుల మీద వాన... జనరేటరు దడదడ... మళ్లీ టింగ్.

తెర దగ్గరికి నడిచాను. చివరి సంకేతం ఒక్కటే అక్కడ నిలుస్తుంది. కోటయ్య పడవ.

పాత స్థితి... గల్లంతు.

కొత్త స్థితి... సముద్రంలో.

“ఏం రాసుంది మాస్టారూ?” నాగమ్మ అడిగింది.

రెండో వరుసే చదివాను. “సముద్రంలోనే ఉన్నాడమ్మా.”

తర్వాత దేవదానంతో అన్నాను. “కంప్యూటరు ఆపెయ్. దీపం మాత్రం ఆరకూడదు.”

తెల్లవారుతుండగా, ఆ దీపం ఆనవాలుతోనే పడవ వచ్చింది. కోటయ్య వణుకుతున్నాడు.

“నడిరేత్రి పడవ బోల్తా కొట్టిందండి. అయిపోయాం అనుకున్నా. కాసేపటికి మళ్లీ నిలబడింది... ఎట్టా లేచిందో తెలవదండి.”

నాగమ్మ నా వైపు చూసింది.

ప్రోగ్రాంలో ప్రతి వరుసా తిరిగి చదివాను. ఎన్నో మార్లు నడిపి చూశాను. ఎవరో విలువ మార్చనిదే గంట మోగదు. ఎవరు మార్చారు... తిరిగి ఎవరు మార్చారు... ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. నా ప్రోగ్రాంలో గాని, ఈ రాతలో గాని దోషం కనిపించినవారు దయచేసి దిద్దండి. దోషమే దొరికితే నాకు ఊరట.