ఇన్నాసమ్మ సొంత మాట

నాచారం పారిశ్రామికవాడ వెనక గల్లీలో ఇన్నాసమ్మను ఎరగని క్యాథలిక్ ఇల్లు లేదు. ఆమె ఒక బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. భర్త కరుణాకర్ ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర ఆటో నడిపేవాడు. ఏటా అక్టోబరులో మరియమాత స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, సాయంత్రానికో ఇంటికి తీసుకెళ్లి అందరూ కలిసి జపమాల చెప్పేవారు. ముందుండి చెప్పించేది ఇన్నాసమ్మే.

జపమాల అంటే పూస పూసకూ మంగళవార్త జపం చెప్పడం ఒక్కటే కాదు. ప్రతి పది పూసలకు ముందు క్రీస్తు జీవితంలోని ఒక ఘట్టాన్ని తలచుకోవాలి. దాన్నే దేవరహస్యం అంటారు. చాలామంది పుస్తకంలోని రెండు వాక్యాలు చదివి ముందుకు పోతారు. ఇన్నాసమ్మ పుస్తకం తెరిచేదే కాదు. కడుపుతో ఉన్న మరియమ్మ కొండదారి పట్టి తన బంధువు ఎలిజబెతమ్మను చూడబోయిన ఘట్టం వస్తే, "ఆమెను ఎవ్వలు పిలువలేదు. తనకే వాంతులు గిట్ల అయితుండొచ్చు. అయినా పోయింది. మనం పిలిచినా పోతలేం" అనేది. పక్కింటి ముత్తమ్మది పోచమ్మను కొలిచే ఇల్లు. అయినా ఆ నాలుగు ముక్కలు వినడానికి వచ్చి గడప దగ్గర కూర్చునేది.

ఒక ఫిబ్రవరి ఉదయం ఫ్యాక్టరీలో ఇన్నాసమ్మ చేతిలోని కత్తెర జారి పడింది. తీయబోతే కుడిచేయి కదల్లేదు. ఏమైందని పక్క మెషిన్ ఆమె అడిగితే నోట్లోంచి మూలుగు వచ్చింది. మెదడులో రక్తం గడ్డకట్టిందని ఉప్పల్ దవాఖానాలో చెప్పారు. ప్రాణం దక్కింది. ఇంటికి వచ్చాక మాత్రం ఆమెకు మిగిలిన మాట ఒక్కటే: "అది". నీళ్లు కావాలన్నా అది, కిటికీ మూయమన్నా అది. ఎదుటివాళ్ల మాటలన్నీ అర్థమయ్యేవి. జవాబు చెప్పబోతే నాలుక మీదికి ఏమీ వచ్చేది కాదు.

ఒక సాయంత్రం కరుణాకర్ ఆమె మంచం పక్కన కూర్చుని ఒక్కడే జపమాల మొదలుపెట్టాడు. మూడో పూస దగ్గర ఇన్నాసమ్మ గొంతు కలిసింది. మంగళవార్త జపం మొదటినుంచి చివరిదాకా ఒక్క అక్షరం తప్పకుండా చెప్పేసింది. కరుణాకర్ గల్లీలోకి ఉరికి, "మా ఆమెకు మాటొచ్చింది" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. ముత్తమ్మ పరుగున వచ్చి, "ఏం దింటవ్ అక్కా?" అని అడిగింది.

"అది," అంది ఇన్నాసమ్మ.

ఆ తర్వాత ఆమె జపమాల ముట్టలేదు. తన ప్రమేయం లేకుండా తన నోరు పలుకుతోందని ఆమెకు అర్థమైంది. అదే ఆమెకు అన్నిటికన్నా పెద్ద అవమానంగా తోచింది. కరుణాకర్ పూసలు చేతిలో పెడితే పక్కకు తోసేసేది.

దవాఖానాలో మాట నేర్పించే అమ్మాయి పేరు హరిత. వాళ్లది రాజమండ్రి వైపు. కరుణాకర్ ఆమెతో జరిగిందంతా చెప్పాడు. హరిత నేరుగా ఇన్నాసమ్మతోనే మాట్లాడింది.

"అమ్మా, బాగా నోటికొచ్చినవి ఒక్కోసారి అలాగే మిగులుతాయి. సొంతంగా వెతుక్కోవాల్సిన మాటలే పోతాయి. మీ ప్రార్థనలో మీరు సొంతంగా మాట్లాడే చోటు ఏదైనా ఉందా?"

 ఇన్నాసమ్మ ఎడమచేత్తో గాలిలో పూసలు తిప్పి, ఒక చోట ఆగి, వేలు పైకెత్తింది.

"అక్కడ ఒక్క మాట చెప్పండి. అది మీదై ఉండాలి," అంది హరిత.

ఆ రోజు నుంచి ఇన్నాసమ్మ జపమాల మళ్లీ పట్టింది. కుడివేళ్లకు పూస స్పర్శ తెలిసేది కాదు కాబట్టి ఎడమచేతికి మార్చుకుంది. ప్రతి దేవరహస్యం దగ్గరా ఆగి, కళ్లు మూసుకుని, ఆ ఘట్టాన్ని ఎదురుగా చూసేది. చూసిన దానికి పేరు పెట్టాలి, అంతే. మరియమ్మ కొండదారిలో నడుస్తూ కనబడేది. ఆ నడకకు మాట దొరికేది కాదు. చెమటలు పట్టేవి. చూడలేక కరుణాకర్ "నడిసింది" అని అందివ్వబోతే అతని నోటిమీద చెయ్యి పెట్టేసేది. మాట రాకపోతే ఆ పది పూసలూ ఊరుకునేది, మర్నాడు మళ్లీ అక్కడికే వచ్చేది. ఎండాకాలం మధ్యలో ఒక పొద్దున "దూరం" అంది. కరుణాకర్ ఆటో తాళాలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

అక్టోబరు వచ్చింది. జపమాల బృందానికి పెద్ద అయిన జగన్మోహన్ ఇన్నాసమ్మ ఇంటికి వచ్చాడు. మంచి మనిషి, ఆమెను ఇబ్బంది పెట్టకూడదని అతని తాపత్రయం. "వదినా, జపాలు నువ్వు చెప్పు. దేవరహస్యాలు నేను పుస్తకంల చూసి సదువుత. నీకు ఫికర్ ఉండది," అన్నాడు.

"నేనే," అంది ఇన్నాసమ్మ.

"జర ఆలోచించు. మంది మస్తు వస్తరు."

"రానీ. నేనే."

స్వరూపం ఇన్నాసమ్మ ఇంటికి వచ్చింది శుక్రవారం. ఆ రోజు దుఃఖ దేవరహస్యాలు, అంటే క్రీస్తు పడ్డ బాధల ఐదు ఘట్టాలు. మొదటి మూడింటికీ తలా ఒక మాట చెప్పింది: "భయం," "దెబ్బలు," "నవ్విన్రు." నాలుగోది క్రీస్తు సిలువ మోయడం. ఇన్నాసమ్మ ఆగిపోయింది. పిల్లలు కదిలారు, ఎవరో దగ్గారు. జగన్మోహన్ పుస్తకం తెరవబోతే కరుణాకర్ దాని మీద చెయ్యి ఆనించాడు.

"మోసిండు," అంది ఆమె. "పడ్డడు. లేసిండు." మళ్లీ ఊపిరి తీసుకుంది. "ఇంకొకడు... పట్టిండు." ఎడమచేయి ఎత్తి భర్తను చూపించింది. "గిట్ల."

కరుణాకర్ తల దించుకున్నాడు. గడప దగ్గర ముత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఐదోదైన సిలువ మరణానికి ఇన్నాసమ్మకు ఏ మాటా దొరకలేదు. వెతికి వెతికి, "వస్తలేదు" అని చెప్పి, పరలోక జపం అందుకుంది.

ఫ్యాక్టరీ పని మళ్లీ దక్కలేదు. ఇప్పటికీ ఆమెవి రెండు మూడు మాటల వాక్యాలే, సొంత చెల్లెలి పేరు ఇంకా నోటికి రాదు. హరిత చెప్పిందని ఈమధ్య ఉప్పల్‌లో గిరిప్రసాద్ అనే రిటైర్డ్ గుమాస్తా ఇంటికి వెళ్తోంది. ఆయనకూ అదే జబ్బు. విష్ణు నామాలు గడగడా చెప్పేస్తాడు, భార్యను పేరు పెట్టి పిలవలేడు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన కోపంగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నాసమ్మ కుర్చీ తిప్పి, గోడకూ మంచానికీ మధ్య సందులో ఇరికించుకుని ఆయనకు ఎదురుగా కూర్చుంది.  వచ్చేసేటప్పుడు ఆయన భార్య, "ఇబ్బంది పెట్టినట్టున్నాం, ఆయన తీరే అంత," అంది.

"సోమవారం," అని చెప్పులు వేసుకుంది ఇన్నాసమ్మ. "మల్ల వస్త."