బందైన సాంచాల మోత

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వొచ్చేది. ఇంట్లో ఎవరైనా అలాంటి ముచ్చట మొదలుపెడితే, మీకు పనీపాటా లేదా అని లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే చెబుతున్నాను. నమ్మమని అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

నేను కరీంనగర్‌లో ఒక గ్రానైట్ కంపెనీలో రాళ్ల కొలతలు రాస్తాను. సొంతూరు సిరిసిల్ల. పుట్టి పెరిగింది సాంచాల మధ్యే. మరమగ్గాలను మావైపు సాంచాలంటాం. ఒక్కో మనిషి ఎన్నో సాంచాలు చూసుకోవాలి. అన్నీ ఒకేసారి కొట్టుకుంటుంటే బయటివాళ్లకు అది ఉత్త మోత. మాకలా కాదు. పోగు తెగి ఒకటి ఆగితే, అది ఎన్నోదో చూడకుండానే చెప్పేస్తాం.

చిన్నప్పటి దోస్తులం ముగ్గురం: నేను, జగిత్యాలలో ఫోన్లు బాగుచేసే శ్రీను, ఊళ్లోనే తండ్రి సాంచాలు నడిపే వేణు. రోజూ పొద్దుగూకే వేళ ఫోన్లో కలిసి ఆడతాం. ఆట పేరుకే. శత్రువులను కాల్చడం కంటే ఒకరినొకరం తిట్టుకోవడమే ఎక్కువ.

ఆ వారం సోమవారం వేణు మైకులో ఎప్పటిలాగే సాంచాల మోత.

"అరే, మైక్ బంద్ పెట్టరా నాయనా, చెవులు పలుగుతున్నయ్!" అని శ్రీను మొత్తుకున్నాడు.

మంగళవారమూ అంతే. బుధవారం ఆ మోత వెనక ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపించింది. మాటలు లేవు, ఒట్టి రాగం. వేణు వాళ్ల బాపు నర్సయ్య మామ పని చేస్తూ అలాగే పాడేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. కొడుక్కీ ఆ అలవాటే వచ్చిందిలే అనుకున్నాను.

శనివారాలు నేను భజనలో డోలక్ వాయిస్తాను. ఆ శనివారం చెయ్యి తాళం వదిలేసి సాంచాల దరువులోకి పోయింది. రెండుసార్లు పోయింది. పాడే పెద్దాయన ఆపి, "ఏమైందిరా నీకియ్యాల, పానం బాలేదా?" అన్నాడు. సిగ్గేసింది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిని ఆటకు కూర్చున్నాం. ఉన్నట్టుండి ఆ మోతలో ఒకటి ఆగింది. కాస్త కుంటుతూ కొట్టే మూడోది. చిన్నప్పుడు సెలవుల్లో ఆ షెడ్డులో నేనూ నూలు కండెలు చుట్టాను, దాని చప్పుడు నాకు తెలుసు. నర్సయ్య మామ ఎప్పుడూ దాని పక్కనే కూర్చునేవాడు. సాంచె ఆగిందంటే మావాళ్లు ఆలోచించరు, నోరే ముందు లేస్తుంది.

"వేణూ, మూడోది ఆగిందిరా! పోగు తెగినట్టుంది, చూడుపో!"

"నాగ్గూడ వినవడ్డది, ఉరుకు!" అన్నాడు శ్రీను.

వేణు గొంతు వచ్చింది, జీవం లేకుండా.

"ఏది ఆగిందిరా? పదిరోజుల సంది అన్ని బందే ఉన్నయ్. నూలు లేదు, పని లేదు. మీరు రోజు మైక్ బంద్ పెట్టమంటుంటే, అలవాటు కొద్ది అంటున్నరనుకున్న."

నాకు భయమేసింది. దయ్యం భయం కాదు, వాడి గొంతు విని. శ్రీనును వాడితో మాట్లాడుతూనే ఉండమని చెప్పి సిరిసిల్ల బస్సెక్కాను.

నేను షెడ్డు తలుపు తోసేసరికి వేణు మూడో సాంచె దగ్గర నేలమీద కూర్చుని ఉన్నాడు. ఫోన్లో శ్రీను ఇంకా ఏదో వాగుతూనే ఉన్నాడు. నన్ను చూడగానే వేణు భోరున ఏడ్చాడు.

"ఇదే ఆఖరాట అనుకున్నరా. ఇది అయిపోంగనే పోదామనుకున్న."

ఎక్కడికని నేను అడగలేదు. గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నాకూ ఏడుపు ఆగలేదు.

తర్వాత లేచి అన్నీ చూశాను. మీటరు దగ్గర ఫ్యూజు పీకేసి ఉంది. పక్క షెడ్లకు తాళాలున్నాయి. మూడో సాంచె మీద అసలు నూలే లేదు. తెగడానికి ఒక్క పోగు కూడా లేదు. శ్రీను తర్వాత వేణు ఫోన్ మొత్తం వెతికాడు. పాత చప్పుడు రికార్డయి ఉందేమోనని చూశాడు. ఏమీ దొరకలేదు.

ఇప్పుడు వేణు నా గదిలోనే ఉంటున్నాడు. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే పోతాం. అన్నం బాగానే తింటున్నాడు. మొన్న ఛాయ్ తాగుతూ ఉన్నట్టుండి అడిగాడు.

"మీ ఇద్దరికి వినవడ్డది గదా. పదిరోజులు బాపు సాంచె కాడనే కూసున్న నేను. నాకెందుకు వినవడలేదురా?"

"ఏమోరా" అన్నాను. 'నిన్ను కాదు, నీకోసం మమ్మల్నే పిలవాల్సి వచ్చిందేమో మీ బాపుకు' అనాలనిపించింది. అనలేకపోయాను. నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.