వెయ్యిలో మావయ్య

ఏమర్రా, ఎవరింట్లో ఏ గిన్నె మోగిందో అన్నీ కావాలి మీకు. వెయ్యిలో మావయ్య గురించి మాత్రం ఒక్కరన్నా అడిగారా? కబుర్లు ఆపి వినండి.

అణుకరెంటు ఫ్యాక్టరీలో పనివాళ్ళకి ఎంత రేడియేషన్ తగిలింది, దానివల్ల ఎంతమందికి క్యాన్సర్ రావచ్చు అని లెక్కకట్టడం ఆయన ఉద్యోగం. ఆయన నోట అవునూ రాదు, కాదూ రాదు. ఏదడిగినా వెయ్యిలో ఇన్ని అనేవాడు.

"మావయ్యా, వాన పడుతుందా?"

"ఇలాంటి మబ్బులు వెయ్యి పడితే మూడొందలు కురుస్తాయి."

"గొడుగు తెచ్చుకోనా, వద్దా?"

"అది నీ ఇష్టం."

పెళ్ళాం కూర వడ్డించి "ఉప్పు సరిపోయిందా?" అంటే, "వెయ్యిమంది తింటే ఆరొందలమంది సరిపోయిందంటారు" అన్నాడట.

"మిగతా నాలుగొందలమందిలో తమరున్నారా?"

ఈయన గబగబా ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ఆ ఫ్యాక్టరీలో పనివాళ్ళ బట్టలుతికే ఆవిడ ఒకతె ఉండేది. అందరిలాగే ఆవిడకీ ఒంటిమీద పెట్టుకునే, రేడియేషన్ కొలిచే బిళ్ళ ఇచ్చారు. ఒక నెల ఆ బిళ్ళలో అంకె చూసి ఆఫీసంతా అదిరిపడింది. యంత్రాల పక్కన పనిచేసేవాళ్ళకి కూడా అంత రాలేదు! "రేపట్నుంచి పనిలోకి రావద్దు" అన్నాడు సూపర్‌వైజర్. ఆ ఇంటికి అదొక్కటే జీతం. ఏడుస్తూ మావయ్య గదికి పరుగెత్తింది.

"మావయ్యా, నేను పోతానా?"

"వెయ్యిమందిలో నాలుగొందలమందికి ఎప్పుడో ఒకప్పుడు ఎలాగూ క్యాన్సర్ వస్తుంది. ఈ అంకె నిజమైతే నాలుగొందల ఒకటి."

"ఆ ఒకటీ నేనేనా?"

"తెలీదమ్మాయ్."

"ఏమీ కాదు అని ఒక్క ముక్క అంటే మీ సొమ్మేం పోయింది!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అందరికీ ఆ ముక్కే చెప్తే, రేపు నిజంగా వచ్చినవాడి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? సరేగానీ, ఇంటికెళ్ళేటప్పుడు బిళ్ళ ఎక్కడ పెడతావు?"

"ఇంటికి తీసుకెళ్తే ఎక్కడన్నా పారేసుకుంటానని మేకుకి తగిలించి పోతా."

"ఏ మేకు?"

"మాసిన బట్టల కుప్ప పైన గోడకి ఉంది చూడండీ, అది."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్చిమొద్దూ! నువ్వు ఇంటికెళ్ళిపోతే నీ బిళ్ళ ఆ బట్టలకంటిన రేడియేషన్ లెక్కపెడుతూ రాత్రంతా ఓవర్‌టైం చేసిందే!"

సూపర్‌వైజర్ నమ్మితేగా! దాంతో మావయ్య ఒక బిళ్ళ ఆ మేకుకే తగిలించి, ఇంకోటి తన చొక్కాకి పెట్టుకుని, నెలరోజులు ఆవిడ పక్కనే నిలబడి బట్టలుతికాడు. సబ్బునీళ్ళలో మూడుసార్లు జారిపడ్డాడు, తెల్లచొక్కాలు నీలం చేశాడు. నెల తిరిగేసరికి మేకు బిళ్ళలో మళ్ళీ అదే పెద్ద అంకె. ఆయన బిళ్ళలో ఉందా లేదా అన్నంత.

ఆవిడ పని ఆవిడకి దక్కింది.

"ఇప్పుడన్నా ఏమీ కాదనండి మావయ్యా!"

"వెయ్యిలో నాలుగొందలు" అన్నాడు. ఆవిడ మొహం ముడుచుకునేసరికి గొంతు తగ్గించి, "ఆ వెయ్యిలో నీ పక్కనే నేనూ ఉన్నాలే" అన్నాడు.

ఆయన ఎనభై ఎనిమిదో ఏట పోయాడు, క్యాన్సర్ రాని ఆరొందల్లో ఒకడిగా.