కేశవన్ చూపించిన దారి

మిల్లు మూతపడ్డ రోజున ఫిట్టర్లందరూ గేటు ముందు కూలబడితే, ఆర్. కేశవన్ మాత్రం తన నల్ల సైకిలెక్కి అరియాంకుప్పం వంతెన దాటి వెళ్ళిపోయాడు. పొద్దుగూకాక గానీ సారంలోని ఇంటికి రాలేదు. "ఆ పొద్దు యాడికి పోయినావు నువ్వు?" అని భార్య చెంగమ్మ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఆయన పోయింది చెరువు గట్టుకు.

వంతెన దాటి కడలూరు రోడ్డు మీద కొంత దూరం పోయి, కుడిచేతి వైపు దిగితే బస్సుల హోరు వెనకబడిపోతుంది. ఎత్తుపల్లాలు లేని నేల. ఒక పక్క వరి, ఇంకో పక్క కాలవ. కాలవ వెంట పోతే తూము, తూము దాటితే రెండు మైళ్ళ పొడవున గట్టు. చెరువులో నీళ్ళున్నన్నాళ్ళూ కొంగలు, నీటికోళ్ళు, పేరు తెలియని వలస పిట్టలు. మిల్లు పోయాక కేశవన్ ఇంటింటికీ తిరిగి మోటార్లు బాగుచేసి బతికాడు. వారమంతా ఒకళ్ళ గుమ్మంలో కాకపోతే ఇంకొకళ్ళ గుమ్మంలో నిలబడేవాడు. ఆదివారం తెల్లవారితే మాత్రం ఆ గట్టు మీదే. అక్కడ ఆయన్ని ఎవరూ ఏ పనీ అడగరు.

తూము పక్కన గుడిసెలో మాడసామి ఉండేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఉన్నవల్లా మూడొందల బాతులు. కోతలయ్యాక మళ్ళలో మేపుతాడు, మిగతా రోజుల్లో చెరువంచున. కేశవన్ వస్తే చక్కెర లేని టీ ఇచ్చేవాడు. ఇద్దరూ సగం అరవం, సగం తెలుగుగా మాట్లాడుకునేవాళ్ళు. ఒకసారి ఆ గట్టు మీదే కేశవన్ చలిజ్వరంతో పడిపోతే, మాడసామి బాతుల్ని వాటి మానాన వదిలేసి, ఆయన్ని సైకిలు మీద కూర్చోబెట్టి, అరియాంకుప్పం దాకా తోసుకుంటూ వచ్చాడు.

ఇట్లా ఏళ్ళు గడిచాయి. కేశవన్‌కు అరవై దాటింది. అప్పుడు వాళ్ళ మేడ మీది పోర్షన్‌లోకి యానాం నుంచి బదిలీ మీద సత్తిరాజు అనే ఆఫీసరు దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. అతనికి సన్న టైర్ల సైకిలుంది, చేత్తో ఎత్తితే గొడుగంత బరువు కూడా లేదు. మెట్ల కింద దాన్ని తుడుస్తూ, కేశవన్ తన భార్యతో తెలుగులో మాట్లాడటం సత్తిరాజు విన్నాడు.

"బాబాయిగారూ, మీరు తెలుగువాళ్ళేనా అండీ? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"తెలుగే సారూ. ఇంట్లో మాట్లాడేది అదే. చదవను, రాయను రాదు, అంతే."

"మరి ఆదివారం ఆదివారం అంత పొద్దున్నే యాడికండీ?"

'యాడికి' అనే మాటను రాజు కొంచెం నవ్వుతూ పలికాడు. అది కేశవన్ చెవిలో పడకపోలేదు. కానీ ఆఫీసరు తనని బాబాయీ అని పిలిచాడు. మిల్లు పోయినప్పటి నుంచి చదువుకున్నవాళ్ళెవరూ తనని ఒక మాట అడిగింది లేదు. అందుకని చెప్పాడు. మరుసటి ఆదివారం వెంట తీసుకుపోయాడు.

గట్టు ఎక్కగానే రాజు సైకిలాపి, "ఇదెక్కడి దారండీ బాబూ! ఒక్క హారన్ లేదు," అని అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయాడు. ఆ మాటకు కేశవన్ ఛాతీ ఉప్పొంగింది. వరుసగా ఆరు వారాలు తనకు తెలిసిన దారులన్నీ చూపించాడు. రాజు హ్యాండిలుకు బిగించిన ఫోను ప్రతి మలుపునూ మ్యాపులో గీసుకుంది.

తర్వాతి నెలలో ఆ గీతలు సైకిలు తొక్కేవాళ్ళ ఫోన్లన్నింటిలోకీ పోయాయి. మొదట అయిదుగురు వచ్చారు, తర్వాత పదిహేను మంది. డిసెంబరు నాటికి ఆదివారం తెల్లారేసరికి తూము దగ్గర అరవై సైకిళ్ళు. రంగురంగుల బనియన్లు, నెత్తిన టోపీలు, మెరిసే దీపాలు, వరుసలో వెనకున్నవాళ్ళకు వినబడాలని కేకలు. అందరికన్నా ముందు కేశవన్ నల్ల సైకిలు. వాళ్ళు ఆయన్ని కెప్టెన్ అనేవాళ్ళు. చెంగమ్మ ఒకరోజు, "కెప్టెన్ అంటే ఏంది?" అని అడిగితే, ఆయన సిగ్గుపడి నవ్వాడు.

మాడసామి మాత్రం టీ ఇవ్వడం మానలేదు. ఒక ఆదివారం, గుంపంతా ముందుకు పోయాక, గ్లాసు అందిస్తూ అన్నాడు.

"కేశవా, బాతులు గుడ్లు పెట్టేది తెల్లారుజామునే. ఆ దీపాలకి, ఆ కేకలకి బెదిరి ఒకదాని మీద ఒకటి పడతాండాయి. ఆరు వారాలాయె, సగం పెట్టడం మానేసినాయి. ఎనిమిది దాటాక రమ్మని చెప్పు. లేదంటే తూము కాడ దిగి నడిచి పొమ్మను."

"చెప్తాలే అన్నా."

చెప్పాడు. చెప్పడమంటే, మెట్ల మీద రాజు ఎదురైనప్పుడు, "బాతులాయన కొంచెం బాధపడతాండాడు సారూ, ఎనిమిది దాటాక రమ్మంటాడు," అన్నాడు. ఎనిమిదింటికి ఎండ వచ్చేస్తుంది కదా బాబాయీ, గ్రూపులో పెడతాలెండి, అన్నాడు రాజు. కేశవన్ మళ్ళీ అడగలేదు. అడిగితే తనని ఎక్కడ పల్లెటూరివాడి కింద జమకడతారోనని. మాడసామి ఇంకోసారి గుర్తుచేశాడు. ఆ తర్వాత చేయలేదు.

పొంగల్ పండగ దాటిన రెండో ఆదివారం మంచు దట్టంగా ఉంది. తూము దాటగానే గట్టుకు అడ్డంగా తుమ్మకంప పరిచి ఉంది. కేశవన్ ఆ రోజు వెనక ఎవరి గొలుసో ఊడితే ఎక్కిస్తున్నాడు. ముందు పోయింది హేమశ్రీ, యానాం నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల. టైరు కంపలో దిగబడి, సైకిలుతో సహా గట్టు కిందికి, తూము రాళ్ళ మీదికి పడింది. భుజం ఎముక విరిగింది. గోరిమేడులో పెద్దాసుపత్రికి ఆటోలో తీసుకుపోయారు.

ఆసుపత్రి వరండాలో రాజు ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆ పిల్ల తండ్రికి ఫోన్‌లో ఏం చెప్పాలో అతనికి తెలియడం లేదు.

"బాబాయీ, అక్కడ మీకు తెలియని మనిషి లేడు. ఎవడి పనండీ ఇది?"

చుట్టూ పదిమంది నిలబడి కేశవన్ నోటి వంకే చూస్తున్నారు. తెలియదని అనొచ్చు. లోపల ఆ పిల్ల అమ్మా అని అరవడం వినబడుతోంది.

"మాడసామి అయ్యుండచ్చు సారూ. బాతులు బెదరతాండాయి అని..."

రాజు మిగతాది వినలేదు. ఇంగ్లీషులో కాగితం రాసి, సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. కేశవన్ అరవంలో సంతకం పెట్టాడు. 'అయ్యుండచ్చు' అన్న మాట ఆ కాగితంలో ఉందో లేదో ఆయనకు తెలియదు.

సోమవారం పొద్దున్నే, బాతుల్ని దడి విప్పి బయటికి తోలుతుండగా పోలీసులు వచ్చి మాడసామిని జీపెక్కించుకున్నారు. "వాటిని లోపలికి తోలి వస్తా," అన్నాడట. వాళ్ళు ఆగలేదు. సాయంత్రం దాకా స్టేషన్‌లో నేల మీద కూర్చోబెట్టి, మందలించి పంపేశారు. కాపలా లేని బాతులు కాలవ దాటి పక్క మళ్ళలో పడ్డాయి. అక్కడ ఆ పొద్దే పురుగుమందు కొట్టారు.

మంగళవారం ఈ సంగతి తెలిసి కేశవన్ ఒక్కడే పోయాడు. గుడిసె వెనక మాడసామి గుంట తవ్వుతున్నాడు. పక్కన బాతులు కుప్పగా ఉన్నాయి. కొన్ని మెడలు ఇంకా కదులుతున్నాయి. కేశవన్ పార కోసం చెయ్యి చాపాడు. మాడసామి ఇవ్వలేదు.

"ఆ పిల్లకి ఎట్లుంది?" అని అడిగాడు.

"కట్టు కట్టినారు. రెండు నెలలంట."

"కంప వేసింది నేనే. పడాలని వేయలే. చూసి దిగి నడుస్తారనుకున్నా. మంచు ఉంటుందనుకోలే." ఇంకో రెండు పారల మట్టి తీసి పోశాడు. "నీ సంతకం చూపించినారు కేశవా. నీ సంతకం నాకు తెలియదు కదా, చదివి చెప్పినారు. నువ్వు వచ్చి అడిగుంటే నీతోనే చెప్పేవాణ్ణి."

కేశవన్ వంగి, కుప్ప మీంచి ఒక బాతును తీసి గుంటలో పెట్టాడు.

"పో," అన్నాడు మాడసామి. కోపంగా కూడా అనలేదు. "ఈ పక్కకి ఇంక రావద్దు."

ఆ సాయంత్రం కేశవన్ మేడ మెట్లెక్కి పోయి రాజును నిలదీశాడు. బతుకులో మొదటిసారి ఒక ఆఫీసరు మీద గొంతు లేపాడు. రాజు మొహం నల్లబడింది. "బాతులు పోతాయని నాకేం తెలుసండీ? ఆడపిల్ల ఎముక విరిగాక కంప్లెయింటు ఇవ్వకుండా ఎలా ఊరుకుంటాం? పేరు చెప్పింది మీరేగా," అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. కేశవన్ దిగి వచ్చేశాడు.

రాజు ఆ దారిని ఫోన్‌లోంచి తీసేశాడు. గుంపు ఇంకో వైపు చెరువుకు మళ్ళింది. మాడసామి మిగిలిన బాతుల్ని ఎవరికో తోలేసి, గుడిసె విప్పుకుని అక్క వాళ్ళ ఊరికి పోయాడు. ఆ ఊరు ఏదో కేశవన్ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. గట్టు మళ్ళీ ఖాళీగా ఉందంటారు. కేశవన్ వంతెన దాటడం లేదు.

ఏప్రిల్‌లో హేమశ్రీ స్వీటు డబ్బా పట్టుకుని సారానికి వచ్చింది. చెయ్యి బాగానే లేస్తోంది. కాళ్ళకు దణ్ణం పెట్టి, "మీరు చెప్పబట్టే వాడు దొరికాడంట కదండీ తాతగారూ. లేకపోతే ఇంకెంతమంది పడేవారో," అంది. చెంగమ్మ కాఫీ తేవడానికి లోపలికి పోయింది.

"ఆయన నీ గురించి అడిగినాడమ్మా," అన్నాడు కేశవన్. "ఎట్లుంది ఆ పిల్లకి అని, మొదట అదే అడిగినాడు."

ఆ పిల్ల స్వీటు డబ్బా ఆయన ముందు పెట్టింది.

"అంత మంచోడైతే మరి కంపెందుకేశాడండీ?"

"మీరు దిగి నడుస్తారనుకున్నాడు."

"అంత బాగుండే దారిలో సైకిలెవరు దిగుతారండీ?" అని నవ్వింది హేమశ్రీ.